రండి, కూర్చోండి

ఉయ్యూరు ల్యాబులో స్లైడు పెట్టినప్పుడల్లా నాకు మా కాలేజీ మేడం గొంతు వినిపిస్తుంది. రక్తపు స్లైడును మైక్రోస్కోపు కింద పెడుతూ "రండి, కూర్చోండి" అనేవారావిడ. మేం నవ్వితే, "గాజుముక్క కాదర్రా, ఎదురుగా మనిషి ఉన్నట్టే" అనేవారు.

ఒకరోజు ప్రాక్టికల్‌కి తన వేలే గుచ్చుకుని రక్తపుచుక్క ఇచ్చారు. కణాలు కనిపించడానికి స్లైడుకి రంగు వేసింది నేనే. అక్కడక్కడా కనిపించాల్సిన తెల్లకణాలు, చెట్టు దులిపితే రాలిన నేరేడుపళ్లలా, ఊదారంగులో లెన్సంతా పరుచుకున్నాయి.

"రంగు ఎక్కువేశానేమో మేడం" అన్నాను.

ఆవిడ చాలాసేపు చూశారు. కాలేజీ బయట బెంజ్ సర్కిల్ హారన్లు ఎక్కడో కలలోలా వినిపించాయి. కిటికీ ఎండ ఆవిడ చెంప మీంచి మెల్లగా జరిగింది.

"లేదమ్మా, చక్కగా వేశావు. కణాలే ఎక్కువున్నాయి."

మళ్లీ లెన్సు మీదికి వంగి, తన రక్తంతోనే, ఎప్పటి మర్యాదతోనే అన్నారు: "కంగారుపడకండి. రండి, కూర్చోండి."