పాటకు లేచి నిలబడటం

మా అన్నయ్య సెల్లప్పన్ ఏ దేశపు జాతీయగీతం వినిపించినా లేచి నిలబడేవాడు. టీవీలో వచ్చినా సరే. చేతిలో పిండిముద్ద ఉంటే ముద్దతోనే నిలబడేవాడు.

"ఏటి, జర్మనీవోల్ల పాటకి కూడా లెగాలా? పెనం మీద దోసె మాడిపోతంది లా!" అని వదిన మాలిని కేకేసేది, మలేషియాలో అందరం మాట చివర తగిలించే 'లా'తో సహా.

"మాడనీ. ఆలదీ దేశమే కదా" అనేవాడు.

ఈ అలవాటు మా నాన్న నుంచి వచ్చింది. పేరాక్ రాష్ట్రంలో బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి ఎస్టేటులో నాన్న కాయలు దింపేవాడు. ఆయన పుట్టింది అక్కడే, అయినా చాలా ఏళ్ళు ఆయన దగ్గర ఉన్నది ఎర్ర కార్డు. ఎర్ర కార్డు ఉన్నవాళ్ళు ఈ దేశంలో ఉండొచ్చు గాని పౌరులు కారు. నీలం కార్డు చేతికొచ్చేసరికి ఆయన తల నెరిసిపోయింది. ఎస్టేటు ఆటల పోటీల రోజున మైకులో జాతీయగీతం వేస్తే, నాన్న తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని నిలువుగా నిలబడేవాడు. ఆ పాటలోని మలాయి మాటలు సగం కూడా తెలియవు ఆయనకు. మేము కదిలితే నెత్తిమీద ఒకటి పడేది. "నిలబడండి. ఈ పాటకి నిలబడ్డోడిని ఎవుడూ పొమ్మనలేడు" అనేవాడు. అన్నయ్య ఆ మాట నమ్మాడు. నేనూ నమ్మాను గాని ఆయనంత గట్టిగా కాదు.

ఆ పోటీల్లోనే ఇంకో ఆచారం ఉండేది. పెద్ద తోటకీ చిన్న తోటకీ ఫుట్‌బాల్ ఆట. ఏడాదంతా రెండు తోటలవాళ్ళకీ ఏదో ఒక తగువు. ఆట మొదలయ్యే ముందు ఇద్దరు కెప్టెన్లూ ఒకరికొకరు కొబ్బరి బొండాం కొట్టి ఇవ్వాలి. అవతలివాడు కొట్టిన బొండాం తాగాక పాత తగువు ఎత్తకూడదు. అన్నయ్య రెండేళ్ళు చిన్న తోట కెప్టెన్. ముందు వారమే తన పన్ను ఊడగొట్టినవాడి చేతి బొండాం తాగాడట. "తియ్యగుండేది సెల్లీ, ఏటి సేస్తాం" అని నవ్వేవాడు.

ఎస్టేటు వదిలి వచ్చాక ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు చేసి, సెలాంగోర్ రాష్ట్రంలోని సెర్డాంగ్‌లో యూనివర్సిటీ దగ్గర తిండి కొట్టు పెట్టాడు. ఎదురుగోడకి పెద్ద తెర. మ్యాచ్ ఉన్న రోజు బల్లలన్నీ తెరవైపు తిప్పేవాడు. జాతీయగీతాలు రాగానే శబ్దం పెంచేవాడు, కొట్టులో అందరూ లేవాల్సిందే. చాలామంది నవ్వుతూ లేచేవాళ్ళు. కూతురు తనూష ఫొటో తీసి కొట్టు ఫేస్‌బుక్ పేజీలో పెట్టేది. స్వాతంత్ర్య దినం రోజు ఫొటోకి వచ్చిన లైకులు అన్నయ్య నెల రోజులు చెప్పుకున్నాడు.

మా ఊరివాడే, లారీ నడిపే కిశోర్‌కుమార్, వచ్చినప్పుడల్లా గోల చేసేవాడు. "ఏటన్నా, పేరాక్‌లో పుట్టి సెలాంగోర్ కూడు తింటన్నావు. ఈ రెండిటికీ మ్యాచ్ అయితే ఎటేపు?"

"ఆట అయినంతసేపూ పేరాక్. బిల్లు కట్టినప్పుడు సెలాంగోర్."

ఆ కొట్టుకి ఇరాన్ విద్యార్థులు చాలామంది వచ్చేవాళ్ళు. వాళ్ళలో బెహ్రూజ్ అన్నయ్యకి దగ్గరివాడు. చదువుకోవడానికి వచ్చి, చదువు అయ్యాక ఇక్కడే చిన్న ఉద్యోగం చూసుకుని ఉండిపోయాడు. ఇంటికి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో అన్నయ్య అడగలేదు, అతనూ చెప్పలేదు. ఇద్దరూ మలాయిలో మాట్లాడుకునేవాళ్ళు. అతను అంకల్ అనేవాడు, అన్నయ్య 'తమ్ముడూ' అన్నట్టు తంబీ అనేవాడు. వదిన లేనప్పుడు గల్లా దగ్గర కూర్చోబెట్టేంత నమ్మకం. మాకు కొడుకు లేని లోటు అతనితో తీరింది అని అన్నయ్య ఒకసారి అన్నాడు. వదిన విననట్టు పాత్రలు కడిగింది.

2022లో ఖతార్ ప్రపంచ కప్పు వచ్చింది. అప్పటికి ఇరాన్‌లో రెండు నెలలుగా ప్రభుత్వానికి ఎదురుతిరిగి వీధుల్లో జనం, వాళ్ళ మీద తుపాకులు. బెహ్రూజ్ ప్రతి వారాంతం స్నేహితులతో అట్టలు పట్టుకుని నిరసనకి వెళ్ళేవాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే షీరాజ్ నుంచి అతని తమ్ముడు మెహర్‌దాద్ వచ్చాడు. ఇరానీలకి మలేషియా రావడం కొంత సులువు గనుక, విడిపోయిన కుటుంబాలు ఇక్కడ కలుసుకుంటూ ఉంటాయి. అన్నదమ్ములు ఒకర్నొకరు చూసుకుని తొమ్మిదేళ్ళయింది. మొదటి సాయంత్రం కొట్టులో ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. తల్లి పంపిన పిస్తాలు మెహర్‌దాద్ అందరి బల్లల మీదా పోశాడు.

ఇంగ్లండ్‌తో మొదటి ఆట. పాట వచ్చినప్పుడు ఇరాన్ ఆటగాళ్ళు నోరు మెదపలేదు. అందరం నిలబడి ఉన్నాం గనుక బెహ్రూజ్ లేచాడో లేదో ఎవరూ గమనించలేదు. తర్వాత ఇంగ్లండ్ వరసగా గోల్స్ వేస్తుంటే అతను చప్పట్లు కొట్టాడు.

మెహర్‌దాద్ తలతిప్పి చూశాడు. వాళ్ళ భాషలో మొదలైన మాటలు, అన్నయ్య మధ్యకి వెళ్ళాక మలాయిలోకీ ఇంగ్లీషులోకీ వచ్చాయి.

"వాళ్ళు మన పిల్లలు. నువ్వు వాళ్ళ ఓటమికి చప్పట్లు కొట్టావు" అన్నాడు మెహర్‌దాద్.

"మన పిల్లలు వీధుల్లో చస్తున్నారు. వీళ్ళు వాళ్ళని చంపేవాళ్ళ చొక్కా వేసుకుని ఆడుతున్నారు."

"చచ్చేవాళ్ళ పక్కన ఉన్నది నేను! నువ్వు ఇక్కడ రోటీ తింటూ ఫోనులో చూస్తున్నావు. అక్కడ మాకు మిగిలింది ఈ ఒక్క ఆట. దీనికి కూడా నవ్వాలో ఏడవాలో నువ్వే చెప్తావా?"

"అందుకే నిన్ను మోసం చేయడం ఆ ప్రభుత్వానికి అంత తేలిక."

మెహర్‌దాద్ బల్లమీద పిస్తా తొక్కలు చేత్తో ఒక పక్కకి ఊడ్చి లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు పెట్టె తీసుకుని నగరంలో హోటలుకి మారాడు.

అన్నయ్యకి నిద్ర పట్టలేదు. "పేరాక్ సెలాంగోర్ తగువే ఇది. ఊల్లో ఉన్నోడికీ ఊరొదిలినోడికీ ఎప్పుడూ ఉండేదే" అన్నాడు నాతో. "తల్లి పిస్తాలు పంపింది సెల్లీ. ఈలు ఇలా ఇడిపోయి ఎల్లిపోతే ఆవిడకి ఏటని సెప్తారు?"

తనూష చెప్పి చూసింది. "అది వేరే నానా. ఖతార్‌లో స్టేడియం బయట వాల్లలో వాల్లే జెండాలు లాక్కుంటన్నారు. నువ్వు మధ్యలో పోవద్దు."

"నేను పోను లా. బొండాలే ఎల్తాయి."

వేల్స్‌తో రెండో ఆట శుక్రవారం సాయంత్రం. అన్నయ్య బెహ్రూజ్‌కి ఫోన్ చేసి తమ్ముడు రావడం లేదన్నాడు. మెహర్‌దాద్‌కి ఫోన్ చేసి అన్న రావడం లేదన్నాడు. తెరకి ఎదురుగా ఒక బల్ల ఖాళీగా ఉంచి, దాని మీద రెండు లేత బొండాలు, పక్కన కత్తి పెట్టాడు. బెహ్రూజ్ ముందు వచ్చాడు. మొదటి ఆటలో ఆటగాళ్ళు పాడకపోవడం నిరసనకారుల కోసమేనని తర్వాత విన్నాక అతని మనసు కొంచెం మెత్తబడి ఉంది. కొంతసేపటికి మెహర్‌దాద్ గుమ్మంలో నిలబడి అన్నని చూశాడు. వెనక్కి తిరగబోతే కిశోర్‌కుమార్ భుజాలు పట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. అన్నయ్య మొహం వెలిగిపోయింది. మా ఎస్టేటు ఆచారం చెప్పాడు. బెహ్రూజ్ చిన్నగా నవ్వి కత్తి వైపు చెయ్యి కూడా చాపాడు.

అప్పుడు తెరమీద పాట మొదలైంది. అన్నయ్య అలవాటుగా శబ్దం పెంచి, నిలబడ్డాడు. మెహర్‌దాద్ లేచాడు, కళ్ళు తుడుచుకుంటూ. తెరమీద ఈసారి ఆటగాళ్ళ పెదవులు కదిలాయి. స్టేడియంలో కొందరు ఈలలు వేస్తున్నారు, కొందరు ఏడుస్తున్నారు. బెహ్రూజ్ కూర్చునే ఉన్నాడు, మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని.

"లెగు తంబీ, మీ పాటే కదా" అన్నాడు అన్నయ్య. అతను వినలేదనుకుని చంక కింద చెయ్యి వేసి లేపాడు. అన్నయ్య బలమైన మనిషి. బెహ్రూజ్ లేచాడు. తమ్ముడి పక్కన, అన్నయ్య చేతి ఆసరాతో, పాట అయ్యేదాకా నిలబడ్డాడు. తనూష ఫోన్ కెమెరా వాళ్ళవైపు ఉంది.

పాట అయిపోగానే బెహ్రూజ్ బయటికి నడిచాడు. సిగరెట్టుకి వెళ్ళాడనుకున్నాం. ఆఖరి నిమిషాల్లో ఇరాన్ రెండు గోల్స్ వేసి గెలిచింది, కొట్టంతా గంతులేసింది, అప్పటికీ అతను రాలేదు. మెహర్‌దాద్ గెలుపుకి అరిచి, పక్క కుర్చీ చూసి ఊరుకున్నాడు. బొండాలు అలాగే ఉన్నాయి.

అయినా అన్నయ్య ఆశ వదల్లేదు. తనూష వద్దంటున్నా ఆ ఫొటో పేజీలో పెట్టించాడు. "అన్నదమ్ములు ఒక పాటకి" అని మలాయిలో రాయించాడు. "ఆలమ్మ సూస్తే సంతోషపడద్ది" అన్నాడు.

మర్నాడు పొద్దున ఇద్దరూ కలిసి వచ్చారు. ఒకే కారులోంచి దిగి, ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. అన్నయ్య నావైపు చూసి కన్ను గీటి, ఫ్రిజ్‌లోంచి ఆ బొండాలు తీసి కత్తి పట్టుకున్నాడు.

"అంకల్, కొట్టకండి. ఆ ఫొటో తీసెయ్యండి" అన్నాడు బెహ్రూజ్.

"ఎందుకు తంబీ? ఎంత బాగుంది!"

"నా స్నేహితులంతా చూశారు. ఆ పాటకి నిలబడ్డానని, నేను వాళ్ళ మనిషినని అంటున్నారు. నిన్నటిదాకా నా పక్కన అట్ట పట్టుకున్నవాళ్ళు."

మెహర్‌దాద్ గొంతు తగ్గించి చెప్పాడు. "నేను మంగళవారం ఇంటికి వెళ్ళాలి. నా పక్కన ఉన్నది ఎవరో అక్కడ ఎవరికైనా తెలిస్తే? అమ్మ ఒక్కతే ఉంది."

ఆ బల్ల దగ్గర అన్నదమ్ములిద్దరికీ మాట కలిసింది ఆ ఒక్క విషయంలోనే. అన్నయ్య కత్తి కింద పెట్టాడు. తనూష అక్కడికక్కడే ఫొటో తీసేసింది గాని, అప్పటికే అది ఎన్నో ఫోనుల్లోకి వెళ్ళింది.

వెళ్ళేటప్పుడు బెహ్రూజ్ గుమ్మం దగ్గర ఆగాడు. "ఇంటికి ఎందుకు వెళ్ళలేదో మీరు అడిగి ఉంటే చెప్పేవాణ్ణి అంకల్. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు."

మెహర్‌దాద్ క్షేమంగా ఇల్లు చేరాడని తర్వాత వేరే విద్యార్థి చెప్పాడు. బెహ్రూజ్ మళ్ళీ కొట్టుకి రాలేదు. స్నేహితులు దూరం పెట్టారని, పెనాంగ్ వెళ్ళిపోయాడని విన్నాం. అన్నయ్య ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. ఒకసారి కిశోర్‌కుమార్ లారీలో పెనాంగ్ వెళ్తుంటే అన్నయ్య కూడా ఎక్కాడు. రోజంతా వెతికి, అతని ఇల్లు దొరక్క తిరిగొచ్చాడు. ఆ తర్వాత మ్యాచ్‌లకి పాట వచ్చేటప్పుడు కొట్టులో శబ్దం ఆపేసేవాడు. "ఏటన్నా, టీవీ పాడయిపోనాదా?" అని అడిగినవాళ్ళకి అవుననేవాడు. తను మాత్రం నిలబడేవాడు, వంటింటి గుమ్మంలో, ఎవరినీ చూడకుండా.

తర్వాత ఏడాది ఆయన మూత్రపిండాలు చెడిపోయాయి. 2024 జనవరిలో ఆసియా కప్పులో మలేషియా దక్షిణ కొరియాతో ఆడిన సాయంత్రం ఆయన ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. తనూష ఫోను దిండుకి ఆనించి పెట్టింది. మన పాట మొదలైంది. అన్నయ్య దుప్పటి తోసేసి కాళ్ళు కిందికి వేశాడు. నిలబడలేక మంచం అంచు పట్టుకున్నాడు. నేను చంక కింద చెయ్యి వేశాను.

"సెయ్యి తియ్యి సెల్లీ."

"పడిపోతావు అన్నా."

"నాను లెగితే లెగుస్తాను. లేకపోతే కూకుంటాను. నువ్వు లేపకు."

చెయ్యి తీసేశాను. ఆయన లేవలేకపోయాడు. పాట అయ్యేదాకా మంచం అంచున, మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. నా ఎరుకలో ఆ పాటకి ఆయన కూర్చుని ఉండటం అదొక్కసారే.

"ఆ రోజు పాటకి లేపితే బెహ్రూజ్ సెయ్యి కర్రలాగ బిగుసుకుపోయినాది. నాకు తెలస్తానే ఉంది సెల్లీ" అన్నాడు. "సిగ్గు పడతన్నాడనుకున్నాను."

ఆట సమానంగా ముగిసింది, మూడేసి గోల్స్. ఆసుపత్రిలో నర్సులు కూడా అరిచారు. అన్నయ్య తలగడ మీద పక్కకి తిరిగాడు. మార్చిలో కన్నుమూసేదాకా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. బెహ్రూజ్ పాత నంబరుకి తనూష చావు కబురు పెట్టింది. పదహారో రోజు కర్మ భోజనాలకి వదిన గుమ్మం వైపు చూస్తూ ఒక కంచం ఎక్కువ వేసింది. సాయంత్రం దాకా ఎవరూ రాకపోతే దాన్ని నేనే తీసేశాను.