అట్టపెట్టె మిషన్

నా చిన్నప్పుడు, ఒక ఆదివారం పొద్దున, నల్లా దగ్గర గిన్నెలు తోముతున్న అమ్మ చేతుల మధ్య తెల్లటి నురుగు గులాబీ రంగుకు తిరగడం చూశాను. ఆ రంగు ఎంత బాగుందో అనుకుంటూ అలాగే నిలబడ్డాను. అంతలో అమ్మ తోమడం ఆపేసింది. పని మధ్యలో అమ్మ చేతులు ఆగడం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. అప్పుడు భయం వేసింది.

టీ గ్లాసు ఒకటి పెద్ద గిన్నెలో పగిలి ఉంది. నురుగు వల్ల కనపడలేదు. అమ్మ చెయ్యి లోపల పెట్టి తిప్పింది. "ఏం కాలే, జర తాకింది" అంటూనే కుడిచేతి బొటనవేలికి కొంగు చుట్టుకుంది. కొంగు చూస్తుండగానే తడిసిపోయింది.

అప్పట్లో మేము దిల్‌సుఖ్‌నగర్‌లో, మెయిన్ రోడ్డు వెనక సందులో ఒక ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. ఇంట్లో రెండు వాటాలు. రెండింటికీ కలిపి పెరట్లో ఒకే నల్లా, దాని పక్కన ఒక బండ. నాన్న లారీ నడిపేవాడు. బండి ఎక్కితే మళ్ళీ ఎప్పుడు వస్తాడో అమ్మకు కూడా తెలిసేది కాదు. అమ్మ చీరలకు ఫాల్ కుట్టేది. మెయిన్ రోడ్డు మీది దుకాణాల నుంచి చీరలు కట్టలు కట్టలుగా వచ్చేవి. నాన్న లేని రోజుల్లో మా ఇల్లు ఆ బొటనవేలి మీదే నడిచేది.

దవాఖానలో కుట్లు వేశారు. మానేదాకా నీళ్ళు తగలకూడదన్నారు. చీము పడితే వేలు సరిగా వంగదని, సూది పట్టుకోవడం కష్టమవుతుందని గట్టిగానే చెప్పారు. అమ్మ అన్నిటికీ బుద్ధిగా తలూపింది. మధ్యాహ్నం మేము అన్నాలు తినగానే కట్టు మీద ప్లాస్టిక్ కవర్ తొడిగి, రబ్బరు బ్యాండు వేసి, మళ్ళీ బండ దగ్గర కూర్చుంది.

మా తాతయ్య, అంటే నాన్నకు నాన్న, మాతోనే ఉండేవాడు. పోచంపల్లి దగ్గరి ఊళ్ళో ఏళ్ళ తరబడి మగ్గం నేసి, చూపు మందగించాక మా దగ్గరికి వచ్చాడు. ఆయన లేచి వెళ్ళి, "లే బిడ్డా, నేను కడుగుత" అన్నాడు.

అమ్మ ఉలిక్కిపడి లేచింది. "అయ్యో మామయ్యా! మా ఎంగిలి పళ్ళాలు మీరు కడుగుడేంది? నాకు పాపం సుట్టుకుంటది. ఎవలన్న సూస్తె ఏమనుకుంటరు?"

నేనూ చెల్లీ ముందుకు వెళ్ళబోతే మమ్మల్నీ కసిరింది. ఇంకా ఏ గిన్నెలో ఏ పెంకు ఉందో తెలియదు కదా. చివరికి ఆమే కూర్చుని కడిగింది. సాయంత్రానికి కవర్‌లోకి నీళ్ళు దిగి కట్టు నానిపోయింది. మళ్ళీ దవాఖానకు పోతే కట్టు మార్చి, అమ్మను బాగా కోప్పడి పంపించారు. అమ్మ ఇంటికి వచ్చి, పక్కన పెట్టిన చీరల కట్ట మీద ఎడమ చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది. వేలు వంగకపోతే ఏం చేస్తామని నేను అడగలేదు. అడిగితే నిజమైపోతుందని అనిపించింది.

మర్నాడు పొద్దున్నే తాతయ్య కనపడలేదు. కాసేపటికి సందు మలుపులో ఒక పెద్ద అట్టపెట్టె తనంతట తానే నడిచి వస్తోంది. దాని కింద రెండు కాళ్ళు, ధోవతి అంచు. మెయిన్ రోడ్డు మీది ఫ్రిజ్‌ల దుకాణంలో అడిగి, నెత్తిన బోర్లించుకుని తెచ్చాడట. దాన్ని నల్లా పక్కన నిలబెట్టి, ఎడమ వైపు ఒక కంత, కుడి వైపు ఒక కంత కోశాడు. వెనక పాత ధోవతిని పరదాలా కట్టాడు. లోపల ఒక పీట, టబ్బు, కొబ్బరి పీచు పెట్టాడు. నల్లా నుంచి రబ్బరు పైపు లోపలికి లాగాడు. అంతా అయ్యాక మా ఇద్దరినీ పిలిచి చెప్పాడు.

"సూడుండ్రి, బోల్లు తోమే మిషన్ ఒచ్చింది. ఈ దిక్కు ఖరాబువి ఎయ్యాలె, ఆ దిక్కు సాఫ్‌వి తీసుకోవాలె. స్టీలువి మీరు అందియ్యాలె. గాజువి ముట్టొద్దు. అవి మిషనే చెయ్యి బయట పెట్టి తీసుకుంటది. గాజువి నాకు, స్టీలువి మీకు. సమజైందా?"

చెప్పి పరదా ఎత్తి లోపలికి దూరాడు.

నేను మొదటి పళ్ళెం కంతలో వేశాను. లోపల నుంచి టక్, టక్, టక్ అని చప్పుడు మొదలైంది. అవతల కంతలోంచి పళ్ళెం తళతళా మెరుస్తూ బయటికి వచ్చింది. చెల్లి ఎగిరి గంతేసింది. ఇంకొకటి వేశాను. మళ్ళీ టక్, టక్, టక్. లోపల ఉన్నది తాతయ్యేనని, ఆ చప్పుడు ఆయన నోటితో చేస్తున్నదేనని మాకు తెలుసు. అయినా పళ్ళెం బయటికి వచ్చిన ప్రతిసారీ చప్పట్లు కొట్టాం.

చప్పుడుకు అమ్మ బయటికి వచ్చింది. చూసి నెత్తి కొట్టుకుంది. "మామయ్యా, మీకు దండం పెడుత, బయటికి రాండ్రి."

"మామయ్య లేడు బిడ్డా" అంది పెట్టె. "మిషన్ నడుస్తున్నది. నడిచే మిషన్‌తోని మాట్లాడొద్దు, షాక్ కొడుతది."

అమ్మ నవ్వు ఆపుకోవాలని కట్టు కట్టిన చెయ్యే నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేకపోయింది. ముందు రోజు నుంచి బిగుసుకుపోయిన మా ఇల్లు ఒక్కసారిగా వదులైనట్టు అనిపించింది.

పక్క వాటాలో గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన అక్క ఉండేది. ఆ అక్క గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏంటి వదినా, మాకు చెప్పకుండా మిషను కొనేశారా! ఖరీదెంతండీ తాతగారూ? మా అంట్లు కూడా వేసుకుంటుందా?" అంది.

"ఎయ్యమ్మా ఎయ్యి. మీ దిక్కు బోల్లకు కారం ఎక్కువుంటది, జర దమ్ము పట్టి తోముతది" అంది పెట్టె.

ఆ అక్క పడీ పడీ నవ్వి, నిజంగానే రెండు గిన్నెలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

అప్పటి నుంచి రోజూ రెండు పూటలా మా మిషన్ నడిచింది. సందులోని పిల్లలు గిన్నెలు అందించడానికి వరుసలో నిలబడేవాళ్ళు. అప్పుడప్పుడు నేను పరదా పక్కకు జరిపి చూసేదాన్ని. తాతయ్య గాజు గ్లాసును మాత్రం మిగతావాటిలా తోమేవాడు కాదు. ముందు కళ్ళు మూసుకుని, అంచు చుట్టూ వేలికొసతో మెల్లగా తడిమేవాడు. మగ్గం మీద తెగిన పోగును అలాగే వెతికేవాడట. ఎక్కడా తగలకపోతేనే పీచు అందుకునేవాడు.

అమ్మ వేలు తడవకుండా మానుతూ వచ్చింది. పెట్టె మాత్రం రోజురోజుకూ నానింది. తాతయ్య టేపు అతికించాడు, తాడు కట్టాడు. ఒకరోజు సాయంత్రం నేను పెద్ద పళ్ళెం వేయబోతుంటే పెట్టె ఒక పక్కకు వాలి, మెల్లగా కూలిపోయింది.

పీట మీద తాతయ్య. మీసాలకు నురుగు. చేతిలో పీచు. చుట్టూ మా ఎంగిలి పళ్ళాలు. పక్క వాటా అక్క, సందు పిల్లలు, ఇంటి ఓనరమ్మ, అందరూ చూస్తున్నారు. నవ్వుతున్న వాళ్ళం ఆగిపోయి అమ్మ వైపు చూశాం. తాతయ్య కూడా తలెత్తి అమ్మనే చూశాడు. చాటు పోయింది కదా, ఇక అమ్మ కడగనివ్వదని, అప్పుడే కుట్లు విప్పిన ఆ చెయ్యి మళ్ళీ నీళ్ళలో పడుతుందని నేను పళ్ళెం గట్టిగా పట్టుకున్నాను.

అమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. నా చేతిలోని పెద్ద పళ్ళెం తీసుకుని తాతయ్యకు అందించింది.

"మిషన్ ఆగొద్దు మామయ్యా" అంది.

టక్, టక్, టక్ అని మళ్ళీ మొదలైంది. నవ్వులు కూడా. ఆ తర్వాత మా ఇంట్లో తాతయ్య గిన్నెలు కడగడానికి ఏ చాటూ అవసరం రాలేదు. అమ్మ బొటనవేలు చక్కగా వంగింది. ఈ రోజుకూ నా చీరలకు ఫాల్ ఆమే కుడుతుంది.

చాలా ఏళ్ళ తర్వాత ఒక పెళ్ళికని పోచంపల్లి వైపు వెళ్ళినప్పుడు, ఒక ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినపడింది. టక్, టక్, టక్. "అరే, మా గిన్నెల మిషన్!" అని గట్టిగా అనేశాను. పక్కనున్నవాళ్ళు వింతగా చూశారు. తాతయ్యకు మిషన్ అంటే ఆ చప్పుడే తెలుసు. పాపం, గిన్నెలు కడిగే మిషన్ ఆయన ఎప్పుడూ చూడనే లేదు.

ఇప్పుడు నాగోల్‌లో మా ఫ్లాట్‌లో అసలు మిషన్ ఉంది. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఉద్యోగం నుంచి వచ్చాక అది నా నడుముకు చేసే మేలు చిన్నది కాదు. కానీ దాన్ని కొనడంలో సగం కారణం నా భయం. గులాబీ రంగు నురుగు నేను మరిచిపోలేదు. నా ఇద్దరు పిల్లల్నీ సింకు దగ్గరికి రానివ్వను. మిషన్ తలుపు తెరిస్తే వంటింట్లోంచే పంపించేస్తాను.

నిన్న రాత్రి భోజనాలయ్యాక చిన్నవాడు సాయం చేద్దామని గాజు గ్లాసు పట్టుకుని వచ్చాడు. నేను అరిచిన అరుపుకు వాడు గ్లాసు బల్ల మీద పెట్టేసి, రెండు చేతులూ వెనక దాచుకున్నాడు. "అయితే నేను ఏం పట్టుకోవాలి మమ్మీ?" అని అడిగాడు.

నేను గ్లాసు మిషన్‌లో పెట్టి తలుపు మూసేశాను. పడుకున్నాక కూడా ఆ దాచుకున్న చేతులే కనపడుతూ ఉన్నాయి. తాతయ్య దగ్గరా భయం ఉండే ఉంటుంది. లేకపోతే ప్రతి గ్లాసు అంచూ కళ్ళు మూసుకుని అలా ఎందుకు తడుముతాడు? ఆ భయాన్ని ఆయన తన చేతుల్లోనే ఉంచుకుని, మాకు మాత్రం పళ్ళాలు ఇచ్చాడు.

ఈ రోజు పొద్దున టిఫిన్లు అయ్యాక నేనే మిషన్ తలుపు తెరిచి, పిల్లలిద్దరినీ వంటింట్లోకి పిలిచాను. గుమ్మం దగ్గరే ఆగిపోయిన చిన్నవాడి చేతిలో ఒక స్టీలు పళ్ళెం పెట్టి చెప్పాను.

"గాజువి నాకు, స్టీలువి మీకు. వేసేటప్పుడు నోటితో టక్, టక్, టక్ అనాలి. లేకపోతే ఈ మిషన్ నడవదు."