అడగాల్సిన మనిషి

బహ్రెయిన్ దేశంలో, బుదైయా అనే ఊళ్ళో నేను పనిచేసిన ఆ ఇంటిని తలుచుకుంటే నాకు ముందు వెలుగే గుర్తొస్తుంది. సముద్రం మీంచి తేమ కమ్ముకొచ్చి, ఖర్జూరపు చెట్లూ ప్రహరీగోడా పాలల్లో నానబెట్టినట్టుండేవి. ఆ వెలుగులో కిటికీ పక్కన ఇస్త్రీ చేస్తూ నిలబడేదాన్ని, నిద్రో మెలకువో తెలీకుండా. ఏళ్ళు అలా ఎలా జారిపోయాయో ఏవిటో.

మా మేడం యూదులావిడ. డెబ్బై దాటాయి, ఒక్కతే ఉండేది. వాళ్ళవాళ్ళు బహ్రెయిన్లో బహు కొద్దిమంది. నాతో హిందీలో మాట్లాడేది, నా హిందీ కంటే నయం. మంచి మనిషే గానీ ఒకటే పట్టు, ఎదురుగా లేని మనిషి మాట ఎత్తనిచ్చేది కాదు. నేను పక్కింటావిడ సంగతేదో మొదలెట్టేసరికి, "ఆమె ఇక్కడ ఉందా?" అనేది. లేదంటే, "అయితే వంకాయల సంగతి చెప్పు" అనేది. పొగిడినా ఒప్పుకునేది కాదు, పొగడ్త కూడా పోనుపోను 'కానీ' దగ్గరికే వస్తుందట. నాది అసలే గోదావరి జిల్లా నోరు. కడుపుబ్బిపోయేది. ఆ ఉబ్బరమంతా శుక్రవారం తీర్చుకునేదాన్ని.

శుక్రవారం సెలవు. ఇళ్ళల్లో పనిచేసే మావైపు ఆడవాళ్ళం సాయంత్రం సముద్రం ఒడ్డున చాపలేసుకుని కూర్చునేవాళ్ళం. పులిహోరా, కబుర్లూ. ఆ చాప మీదే అన్నాను ఆ మాట. పక్కవీధిలో పనిచేసే అక్క ఆ వారం రాలేదు. నేను జ్వరంతో పడుంటే మూడు రోజులు గంజి కాచి తెచ్చిన మనిషి. ఆవిడ రెండుసార్లు వెనక గేటు దగ్గర వాళ్ళ డ్రైవరుతో మాట్లాడుతుంటే చూశాను. చూసింది అంతే. "అక్కకి ఆ డ్రైవరుతో బాగానే కుదిరినట్టుంది" అన్నాను, కన్ను గీటి. అందరూ నవ్వారు. చెప్పొద్దూ, నవ్వించినందుకు గర్వంగా కూడా అనిపించింది.

ఆ మాట ఇండియాలో అక్క వాళ్ళ ఊరు చేరింది. చేరేసరికి దానికి కాళ్ళూ చేతులూ వచ్చేశాయి. ఆవిడ భర్త ఫోనెత్తడం మానేశాడు. పదేళ్ళ కూతురితో కూడా మాట్లాడనివ్వడం లేదన్నారు. అక్క శుక్రవారాలు రావడం మానేసింది. గేటు దగ్గర వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు ఇవాళ్టికీ తెలీదు. నేను మాత్రం గదిలో అమ్మవారి పటం ముందు లెంపలేసుకుని, ఊరెళ్ళినప్పుడు కొబ్బరికాయ కొడతానని మొక్కుకున్నాను. దాంతో తీరిపోయిందనుకున్నాను.

ఏడాదికొక రోజు మేడం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం ఉండేది. ఆ ముందు రోజు మధ్యాహ్నం, నేను గిన్నెలు తోముతుంటే వంటింట్లోకి వచ్చి, ఎదురుగా నిలబడింది. "వేసవిలో చుట్టాల ముందు నీ మీద అరిచాను, గ్లాసు పగిలినప్పుడు. నన్ను క్షమిస్తావా?" అంది.

నాకు సిగ్గుతో తల వాలిపోయింది. "అయ్యో మేడం, అదెప్పుడో మర్చిపోయాను" అన్నాను. "అలా కాదు. నోటితో చెప్పాలి" అంది. చెప్పాను. అప్పుడు కుర్చీలో కూర్చుని నెమ్మదిగా చెప్పింది. రేపు ఉపవాసం ఉండి దేవుణ్ణి క్షమించమని అడిగేది దేవుడికి చేసిన తప్పులకేనట. మనిషికి చేసినదాన్ని దేవుడు కూడా మాఫీ చెయ్యలేడట, ఆ మనిషినే అడగాలట. కాదంటే మళ్ళీ వెళ్ళాలి, మూడుసార్లు దాకా. కుళాయి అలా కారుతూనే ఉంది. నేను కట్టెయ్యలేదు.

ఆ సాయంత్రమే అక్క దగ్గరికి వెళ్ళాను. గేటు సందులోంచి నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది. రెండోసారి మిఠాయి పెట్టె పట్టుకెళ్ళి, "నేనేదో అన్నానని అనుకుంటున్నారక్కా" అని నసిగాను. "ఏదో ఏంటి? ఏమన్నావో చెప్పు" అంది. పెట్టె ఆవిడ చేతిలో పెట్టబోయాను. "నా దగ్గర కాదు, ఎవరి ముందు అన్నావో వాళ్ళ ముందు చెప్పు. మా ఆయనకీ చెప్పు" అని మిఠాయి నా చేతిలోనే పెట్టేసింది.

మూడోసారి ఆవిడే వచ్చింది, శుక్రవారం, చాప కొసన కూర్చుంది. సముద్రం ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలీని సాయంత్రం. నేను లేచి నిలబడి చెప్పాను, "నేను చూసింది ఇద్దరు మాట్లాడుకోవడం. తక్కినదంతా నా నోరు చేసిన పని." ఎవరూ నవ్వలేదు. తర్వాత నా ఫోన్లోంచి వాళ్ళాయనకి చేసి, అందరూ వినేలా స్పీకరు పెట్టాను. తెలీని నంబరు కదా, ఎత్తాడు. "బావగారూ, నేను అబద్ధం చెప్పాను" అని మొత్తం చెప్పాను.

 ఆయన కోపం లేకుండానే అడిగాడు. "అప్పుడు చూసినట్టు చెప్పావంట. ఇప్పుడు చూళ్ళేదంటున్నావు. నీ మాటల్లో ఏది నమ్మాలమ్మా?" పెట్టేశాడు.

నాకు ఏడుపొచ్చేసింది. "నన్ను క్షమించక్కా" అన్నాను.

"క్షమించాన్లే, నిజంగానే" అంది. ఆవిడ నా మొహం కేసి చూడటం లేదు, ఫోను కేసే చూస్తోంది. "వెనకాల మా అమ్మాయి గొంతు వినపడింది, విన్నావా? అన్నానికి పిలుస్తోంది వాళ్ళ నాన్నని. నీ ఫోన్లోంచి ఇంకొక్కసారి చెయ్యవా?"

చేశాను. ఎత్తలేదు.