కుచ్చుముడిలో మిగిలిన నలుపు

విహారయాత్రకు కాదు, కాస్త నలుపు తెచ్చుకోవడానికి గద్వాలకు బయలుదేరిన మొదటి మనిషిని బహుశా నేనే. అప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. మా మిత్రుడి నాయనమ్మ రంగమ్మవ్వ పెళ్లి చీరను ఆమె భర్తే నేశాడు. జరీ నల్లబడ్డాక ఒక దుకాణదారు దాన్ని వెండి కాదు, నకిలీ రాగి జరీ అన్నాడట. ఆ మాట అవ్వకు ముల్లై గుచ్చుకుంది. నలుపు వెండిదో రాగిదో తేల్చేందుకు ఇండోర్‌లో సింక్రోట్రాన్ అనే పెద్ద ఎక్స్‌రే యంత్రం మీద మాకు ఒకే ఒక్క రోజు దొరికింది.

పొద్దున ఆరున్నరకు నాగర్‌కర్నూల్‌లో పల్లెవెలుగు ఎక్కాను. వనపర్తిలో ఇడ్లీ తిని బస్సు మారాను. నా పనేమిటో విన్న కండక్టర్ బీచుపల్లి వంతెన మీద అడిగాడు: "ఎక్స్‌రే దవాఖానల తీస్తరు గద సారూ, చీరకెందుకు?"

కింద కృష్ణను చూపించాను. "రాయిని నిలువునా వేస్తే మునుగుతుంది. నీటిని రాసుకుంటూ విసిరితే ఎగిరిపోతుంది. ఎక్స్‌రేలూ అంతే. వంపు అద్దాలను రాసుకుంటూ పోతేనే మళ్లుతాయి. రెండు అద్దాలతో వాటిని వెంట్రుకకన్నా సన్నని చుక్కగా కూర్చుతాం."

"గంత సన్నగనా? ఇగ మా బస్సు బ్రేకులు గూడ చూడుండ్రి జర."

పదిన్నరకు గద్వాల చేరాను. అవ్వ కొంగు నుంచి కత్తిరించి ఉంచిన కుచ్చును చేతిలో పెట్టింది. ధగధగా మెరుస్తోంది.

"ఏందవ్వా, తోమినవా?"

"తోమకుంటనా బిడ్డా? గంత పెద్ద మిషన్ల పెడతరంటిరి. మసి పట్టింది పంపితే మా ఇజ్జత్ ఏం గావాలె? చింతపండు పెట్టి తోమిన!"

పరీక్షించాల్సిన నలుపు చింతపండు నీళ్లలో పోయింది. అయినా అవ్వ పెట్టిన జొన్నరొట్టె తిని, కుచ్చు తీసుకుని వచ్చేశాను.

ఇండోర్‌లో కుచ్చుముడి విప్పితే లోపల ఆవగింజంత నలుపు మిగిలి ఉంది. చింతపండు అక్కడిదాకా పోలేదు. వెడల్పాటి కిరణమైతే చుట్టూ ఉన్న మెరుపంతా చూసి మోసపోయేది. మా సన్నని చుక్క సరిగ్గా ఆ నలుపు మీదే వాలింది. వెండీ, దాన్ని నల్లబరిచే గంధకమూ కనిపించాయి. అసలు జరీనే.

ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి ఆ మాట చెప్పాను. అవ్వ అంది: "నాకు ఎప్పుడో తెల్సు. గా దుకాణపోనికి చెప్పు."

ఇప్పుడు ఆ బూత్ లేదు, అవ్వా లేదు. వంతెన దాటినప్పుడల్లా ఆమె ఇజ్జత్ గుర్తొస్తుంది. భర్త నేసిన చీర మాసిపోయి ఎవరి కంటా పడకూడదనుకుంది, అంతే.

చిట్కా: గద్వాలలో పాత వస్తువు చూడబోతున్నారా? ముందే కబురు పంపకండి. పంపితే తోమి ఉంచుతారు.