పై గొట్టం మీది గాటు

నేను పాత సైకిళ్లు కొని, బాగుచేసి అమ్ముతాను. ఒక మధ్యాహ్నం, వేంపల్లెలో కొన్న సైకిల్‌తో బేతంచెర్ల స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నాను. పక్కనున్న ముసలాయన వంగి, ఫ్రేము అతుకులను వేలితో తడిమాడు.

"చేత్తో అతికిన ఉక్కు ఇది. శానా విలువ ఉండాది. యాడ కొన్యావప్పా?"

"వేంపల్లెలో. పై గొట్టం మీద ఈ గాటు లేకుంటే ఇంకా పలికేది."

ఆయన వేలు గాటు దగ్గర ఆగిపోయింది.

"నేను ఏసిన ఏటే ఇది. కొడవలి ఎత్తంగానే ఈ సైకిల్ తొక్కేటోడు దీన్ని అడ్డం పెట్టినాడు."

"తర్వాత?" అన్నాను.

"రెండో ఏటు మెడ మీద పడె. సచ్చినా వాడు సైకిల్ ఇడిసిపెట్టలే."

రైలు వచ్చింది. సైకిల్‌ను లగేజీ పెట్టెలోకి ఎత్తబోతే ఆయన రెండో వైపు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి లోపలికి ఎక్కించాం.