యారాడ రాళ్ళ కింద తెలుపు

జ్ఞానదాసు విశాఖ పోర్టులో డైవరు. ఓడల అడుగుభాగం తడిమి చూడటం అతని పని. ఆ బురదనీళ్ళలో కళ్ళకు ఏమీ ఆనదు. అందుకేనేమో, సెలవు దొరికితే ఊరవతల యారాడ తీరానికి వెళ్ళి, రాళ్ళ దగ్గర తేటనీళ్ళలో మునిగేవాడు. అక్కడ రాతిని పట్టుకుని మట్టిరంగు పగడపు దిబ్బలు కొన్ని ఉండేవి.

1983 వేసవిలో ఒకనాడు మునిగితే ఒంటికి చల్లదనం తగల్లేదు. ఎంత కిందికి పోయినా అదే వెచ్చదనం, ఎవరో అప్పుడే లేచి వెళ్ళిన పక్కలా. దిబ్బలన్నీ తెల్లగా ఉన్నాయి. విరగలేదు, ఒరగలేదు. రంగొక్కటే పోయింది. పోర్టులో మునిగిపోయినవాళ్ళ శవాలను పైకి తెచ్చిన మనిషి, ఈ దిబ్బలను ముట్టుకోవడానికి జంకాడు.

చివరికి ఒక చిన్న ముక్క విరిచి, పాలక్యానులో సముద్రపు నీళ్ళతో సహా ఇంటికి తెచ్చాడు. మరదలు జయశీల కాలేజీలో జంతుశాస్త్రం చదువుతోంది. కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"ఇది సచ్చిపోలేదు బావా. బతికే ఉంది."

అతనూ చూశాడు. ఎముకలాంటి తెలుపు మీద గాజులాంటి పల్చని చర్మం. దానిమీద సన్నని వేళ్ళు మెల్లగా ముడుచుకుంటున్నాయి.

"మరి రంగేటైపోయింది?"

"ఆ రంగు సానామట్టుకు దీనిది కాదు. దీని ఒంట్లో కంటికి ఆనని నాచు కాపరముంటాది. ఎండతో తిండి తయారుచేసి దీనికి పెడతాది. ఇది దానికి సోటిస్తాది. నీళ్ళు మరీ ఏడెక్కితే నాచు సేసే ఆ పనే ఇసమైపోద్ది. అప్పుడిది నాచుని బయటికి గెంటేస్తాది."

"గెంటేసి ఏటి తింటాది?"

"నీళ్ళలో ఏదో దొరుకుతాది, సాలదు. బేగి సల్లబడితే మిగిలిన నాచు మళ్ళీ పెరుగుతాది. లేదంటే ఆకలితో సచ్చిపోద్ది."

"గెంటేసిన నాచో?"

"దానికీ ఇల్లు పోయినట్టే కదా. సానామట్టుకు బతకదు."

పొయ్యి దగ్గరున్న అతని భార్య విమలమ్మ ఇటు తిరగలేదు. "ఆకలితో ఉన్నదాన్ని ఇంట్లో ఉంచకండి. తీసికెళ్ళి ఒగ్గీండి" అంది.

మర్నాడు దాన్ని రాళ్ళ సందులో పెట్టి వచ్చాడు.

వానలు పడ్డాక మళ్ళీ మునిగాడు. అక్కడ రాళ్ళ మధ్య చిన్న రొయ్యల చప్పుడు, పోపులో ఆవాల్లా, ఎప్పుడూ చెవుల్లో చిటపటలాడేది. ఈసారి ఏమీ లేదు. తెల్లదిబ్బల మీద బొచ్చులా వేరే పాచి పట్టింది. తను పెట్టిన ముక్క మీదా అదే. వేలితో గీకితే కింద చర్మం లేదు.

ఒక దిబ్బ అంచున అరచేయంత మేర మాత్రం ఇంకా తెల్లగానే మెరుస్తోంది. దగ్గరికి పోయి చూశాడు. దాని మడతల్లో లేత మట్టిరంగు మళ్ళీ వస్తోంది. తన నీడ దాని మీద పడుతోందని గమనించి పక్కకు జరిగాడు. ఊపిరి బిగబట్టగలిగినంతసేపు అక్కడే ఉన్నాడు.

మిగతా దిబ్బల్లో ఒక్కటీ కోలుకోలేదు.