సందులన్నీ మూసిన పొద్దు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకొక ఉద్యోగం ఉండేది. ఫ్యాక్టరీల వైపు నుంచి వాసన రాగానే ఇంటి సందులన్నిటికీ గుడ్డపేలికలు కుక్కాలి. చిట్కుల్‌లో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. చలికాలం మంచు దిగిన పొద్దుల్లో ఆ వాసన కుళ్లిన కోడిగుడ్డు కంపులా వచ్చి, ఎటూ పోకుండా మా వీధిలోనే నిలిచిపోయేది. కళ్లు మండేవి. వీధి వీధంతా దబదబా తలుపులు వేసుకునేది. తలుపు కింద సందు, కిటికీ రెక్కల మధ్య సందు, పెంకుల కింద సందు, నేను ఏదీ వదిలేదాన్ని కాదు. తొమ్మిదేళ్లదాన్ని. చదువులో మొద్దునే గానీ, ఈ పనిలో నన్ను మించినవాళ్లు లేరని నాకు మహా గర్వం.

ఆ ఏడు మా అక్క పురుటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టి పన్నెండు రోజులైంది. లోపలి గది బాలింత గది అయింది, అక్కడ మా నాయనమ్మదే రాజ్యం. అక్క చెవులకు గుడ్డ కట్టి, మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి, అందులో ఇంత వాము చల్లి తలుపు దగ్గరికి వేసేది. బాలింతకు చలిగాలి తగిలితే సన్నిపాతం కమ్ముతుందని ఆమె భయం. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. ఆమె చెల్లెలు బాలింతగా ఉన్నప్పుడే జ్వరం వచ్చి చనిపోయిందట. అందుకే ఆ గది విషయంలో ఆమె మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు.

ఒక పొద్దున నాన్న మొదటి షిఫ్టుకూ, అమ్మ కూలికీ వెళ్లాక వాసన మొదలైంది. నేనూ నా పని మొదలుపెట్టాను. అక్క గదిలో వెంటిలేటరు బాగా ఎత్తు, ఎప్పుడూ దాని జోలికి పోయేదాన్ని కాదు. ఆ రోజు మాత్రం చంటిపిల్ల ఉంది కదా అని, స్టూలు మీద పీట వేసుకుని ఎక్కి, నాన్న పాత లుంగీని మొత్తం అందులో కుక్కేశాను. నాయనమ్మ శభాష్ అంది. నేను ఉబ్బిపోయాను.

గంట గడిచేసరికి అక్క తల పగిలిపోతోందంది. తర్వాత వాంతి చేసుకుంది. నాయనమ్మ గాలి పీల్చి చూసి, వాసన ఇంకా జొరబడుతోందని తేల్చింది. "ఏడనో సందున్నది, జెర మంచిగ సూడు బిడ్డా" అంది. నేను గోనెసంచి తడిపి తలుపు కింద కుక్కాను. ఆమె కుంపట్లో ఇంకో దోసెడు బొగ్గులు పోసి ముందు గదిలోకి పోయింది.

అప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుంది. "గా లుంగీ తియ్యవే, నాకు ఊపిరాడ్తలేదు" అంది. గొంతు పీలగా వచ్చింది. "ఊకో అక్కా, కంపు లోపలికొస్తది" అన్నాను నేను. ఇంటికి నేనే దిక్కన్న పొగరు మరి. అక్క నా చెయ్యి వదిలేసి కళ్లు మూసుకుంది.

కాసేపటికి పాలవేళైంది, పాప లేవలేదు. పాల చుక్క పెదవి మీద వేస్తే చప్పరించలేదు. నాయనమ్మ దిష్టి తగిలిందని చెప్పి, పక్కింటి నుంచి నాలుగు ఎండుమిరపకాయలు తెమ్మని నన్ను తరిమింది.

పక్కింటి పిన్ని వాళ్లు కోస్తా వైపు నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్లు. ఆవిడ భర్త ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. వీధంతా తలుపులు బిగించుకున్నా, పొయ్యి వెలుగుతున్నంతసేపూ ఆవిడ మాత్రం తలుపు బార్లా తీసే ఉంచేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా నాయనమ్మ ఆడిపోసుకునేది. నేను ఆయాసపడుతూ సంగతి చెప్పాను. ఆవిడ చేతిలో పని ఆపి అడిగింది.

"పొద్దుట్నుంచీ ఈ కంపులోనే ఉన్నాను, నాకు తలనొప్పి లేదు. తలుపులేసుకుని పడుకున్న మీ అక్కకెందుకొచ్చిందే? గదిలో కుంపటుందా?"

ఉందన్నాను. ఆవిడ మొహం మారిపోయింది. మిరపకాయల డబ్బా అక్కడే వదిలేసి పరుగెత్తింది. మా గుమ్మం దగ్గరికి రాగానే మాత్రం నిదానించింది. మా నాయనమ్మతో వాదన పెట్టుకుంటే అది తెమలదని ఆవిడకు తెలుసు.

"పెద్దమ్మగారూ, పాప కళ్లు పచ్చగా ఉన్నాయని మీ పిల్ల చెబుతోంది. కామెర్లేమో. ఒక్కసారి వెలుతురులోకి తెండి, చూద్దాం" అంది.

నేను ఆ మాట అననేలేదు. నోరు తెరవబోతే పిన్ని నా భుజం గట్టిగా నొక్కింది. నాయనమ్మ "పసిరికలా?" అంటూ పాపను దుప్పట్లో చుట్టుకుని తనే వాకిట్లోకి వచ్చేసింది. ఆ సందులో పిన్ని గదిలోకి దూరి, అక్కను చంకల కింద పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చింది. గుమ్మం దాటుతూనే అక్క కూలబడింది.

నాయనమ్మ నిప్పులు కక్కింది. "బాలింతను గాలిల పడేస్తివి. ఏమన్నయితే నీదే జిమ్మ" అంది. పిన్ని పాప అరికాళ్లు గీరుతూ, వీపు రుద్దుతూ కూర్చుంది. చుట్టూ మంచు, ఆ కుళ్లు కంపు. ఏ గాలి తగలకూడదని నేను పొద్దుటి నుంచి సందులు మూశానో, ఆ గాలిలోనే పన్నెండు రోజుల పిల్ల వాడిపోయి పడి ఉంది. నేనే చంపేశాననుకున్నాను. ఏడుపు కూడా రాలేదు.

ఎంతసేపైందో నాకు తెలియదు. పాప పెదవి వంకర పోయింది. సన్నగా మూలిగింది. ఆ తర్వాత వీధంతా వినపడేలా ఏడ్చింది.

అప్పుడు చెప్పింది పిన్ని, కామెర్లు అబద్ధమని. మూసిన గదిలో బొగ్గు మండితే వాసన లేని విషం పుడుతుందనీ, మనిషి కునుకు పట్టినట్టే పోతాడనీ, బాయిలరు పనిలో తన భర్త నేర్చుకున్న మాట అదేననీ చెప్పింది. ఆటో పిలిపించి తల్లీబిడ్డలను పటాన్‌చెరు ఆసుపత్రికి తీసుకుపోయింది కూడా ఆవిడే. డాక్టరూ అదే మాట చెప్పి, ఒక రోజు ఉంచుకుని పంపాడు. నాయనమ్మ మళ్లీ ఆ గదిలో నిప్పు పెట్టలేదు. పిన్నిని ఉలిపికట్టె అనడమూ మానేసింది.

అక్క లుంగీ తియ్యమన్న సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేకపోయాను. మర్నాడు పిన్నికి మాత్రం చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాను. నీ తప్పేం లేదులే అని ఆవిడ బుజ్జగించలేదు. తల నిమురుతూ, "గదిలో గాలి ఎట్లా ఉందో గదిలో ఉన్నవాళ్లకే తెలుస్తుందమ్మా. వాళ్లు చెప్పింది విను" అంది.

ఇప్పుడు తెల్లాపూర్‌లో మా అబ్బాయి ఫ్లాటులో ఉంటున్నాను. దుమ్మంటూ, పొగంటూ కిటికీలన్నీ బిగించి, లోపల దోమల కాయిల్ వెలిగించి, ఏసీ వేసుకుంటారు. మనవడు ఉక్కగా ఉందనో, తల నొస్తోందనో అంటే చాలు, నేను లేచి కిటికీ తీస్తాను. ముసలిదానికి చాదస్తమని కోడలు విసుక్కుంటుంది. విసుక్కోనీ. ఎందుకు నొస్తోందో తర్వాత తీరిగ్గా కనుక్కోవచ్చు. మా అక్క నన్ను ఒక్కసారే అడిగింది. రెండోసారి అడిగే ఓపిక ఆమెకు లేకపోయింది.